కేలరీల లెక్కా, పళ్లెం పద్ధతా, ఉపవాసమా: మీకు ఏది కుదురుతుంది?

"ఏ డైట్ మంచిది?" తిండి అలవాట్లు మార్చుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఇదే. జవాబులకు కొదవ లేదు. ఒకరు పిండిపదార్థాలు మానేయమంటారు, ఒకరు నూనె తగ్గించమంటారు, ఇంకొకరు మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టుకోవద్దంటారు. ప్రతి పద్ధతికీ దాంతో బాగుపడ్డవాళ్లు ఉన్నారు, విసిగి వదిలేసినవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ ప్రశ్నను కాస్త మార్చుకోమంటాను. నా తిండి రోజులో ఎక్కడ దారి తప్పుతోంది? దాన్ని సరిచేసే పద్ధతుల్లో, పని నెత్తిన పడ్డ రోజున కూడా నేను చేయగలిగేది ఏది?

ఇలా అనడానికి ఆధారం ఉంది. 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 160 మందిని నాలుగు జట్లు చేసి అట్కిన్స్, జోన్, వెయిట్ వాచర్స్, ఆర్నిష్ అనే నాలుగు పేరున్న డైట్‌లను ఏడాదిపాటు పాటించమన్నారు. నలభై శాతానికి పైగా మధ్యలోనే మానేశారు. ఏడాది చివర చూస్తే నాలుగు జట్లకూ పెద్ద తేడా లేదు, తగ్గిన బరువు సగటున రెండు మూడు కిలోలే. ఎక్కువ తగ్గినవాళ్లెవరంటే, ఏ డైట్ ఇచ్చినా దాన్ని నిలకడగా పాటించినవాళ్లు. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందితో కొవ్వు తగ్గించే డైట్‌నూ పిండిపదార్థాలు తగ్గించే డైట్‌నూ పోల్చారు. ఏడాదికి ఒక జట్టు 5.3 కిలోలు, రెండో జట్టు 6 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. కానీ ఏ జట్టులో చూసినా కొందరు చాలా తగ్గారు, కొందరు బరువు పెరిగారు కూడా. అంటే పద్ధతికీ పద్ధతికీ ఉన్న తేడా కంటే మనిషికీ మనిషికీ ఉన్న తేడా ఎక్కువ.

ఎంచుకునే ముందు

ఏదీ మార్చకుండా మూడు నాలుగు రోజులు మీ తిండి రాసిపెట్టుకోండి. అందులో ఒకటి సెలవు రోజై ఉండాలి, ఎందుకంటే చాలామందికి సెలవు రోజు తిండి వేరు. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, అప్పుడు నిజంగా ఆకలేసిందా లేదా, ఈ మూడు చాలు. కేలరీలు రాయక్కర్లేదు. తాగినవి మాత్రం మరిచిపోకండి. జ్యూస్, కూల్‌డ్రింక్, చక్కెర వేసిన కాఫీ తిండి కింద లెక్క కాదని మనసు అనుకుంటుంది. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది.

రాసినదాన్ని చదివితే మీ చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది. కొందరికి భోజనం పరిమాణమే ఎక్కువ. కొందరి భోజనం బాగానే ఉంటుంది కానీ మధ్యలో ప్యాకెట్లు తెరుచుకుంటాయి. కొందరు పగలంతా సరిగ్గా తినక రాత్రి పది దాటాక తింటారు. ఇంకొందరు తినేది ఎక్కువేం కాదు, కూరగాయలూ పళ్లూ పీచూ మాత్రం దాదాపు ఉండవు. ఒక్కో చిక్కుకు ఒక్కో పద్ధతి పనిచేస్తుంది. దీన్ని దాటేసి నేరుగా డైట్ ఎంచుకుంటే, రాత్రి తిండితో ఇబ్బంది పడేవాళ్లు పగటి భోజనాన్ని తూకం వేస్తూ కూర్చుంటారు.

కేలరీల లెక్క

దీని బలం స్పష్టత. గ్రాము పిండిపదార్థానికీ గ్రాము ప్రోటీన్‌కీ సుమారు 4 కేలరీలు, గ్రాము కొవ్వుకు 9. ఇది తెలిశాక కొన్ని సంగతులు ఒక్కసారిగా అర్థమవుతాయి. బాణలిలో చెయ్యి తిప్పుతూ పోసే నూనె సంగతే చూడండి. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే దాదాపు 120 కేలరీలు. స్పూనుతో కొలవకుండా పోస్తే రెండు పడుతున్నాయో నాలుగు పడుతున్నాయో ఎవరికీ తెలియదు. అలాగే గుప్పెడు గింజలు మంచివే, కానీ డబ్బా ముందు పెట్టుకుని మాట్లాడుతూ తింటే ఆ గుప్పెళ్లు ఎన్నయ్యాయో గుర్తుండదు.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. మనం తిన్నదాన్ని మనం సరిగ్గా అంచనా వేయలేం. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని 1992లో అమెరికాలో పరిశీలించారు. వాళ్లు తింటున్నామని చెప్పినదానికీ నిజంగా తిన్నదానికీ దాదాపు సగం తేడా వచ్చింది. వాళ్లు కావాలని అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు, కంటి అంచనా అలాంటిది. కేలరీలు లెక్కపెట్టే యాప్‌లో "ఒక కప్పు" అని నొక్కితే అది ఎవరి కప్పు? ఇంట్లో నాలుగు దినుసులు కలిపి వండిన వంటకాన్ని యాప్‌లో ఎక్కించడం మరీ విసుగు. దాంతో లెక్క తేలిగ్గా దొరికే ప్యాకెట్ తిండి వైపు మనిషి మొగ్గుతాడు. ఇది నాకు బొత్తిగా నచ్చని సంగతి.

కాబట్టి లెక్కను జీవితాంతం మొయ్యొద్దు. రెండు మూడు వారాలు చేస్తే ఏ తిండిలో ఎంతుందో కంటికి అలవాటవుతుంది, అది చాలు. అంకెలంటే ఇష్టం ఉన్నవాళ్లకు, భోజనం పరిమాణంతోనే చిక్కు ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంతకుముందు తిండి గురించి విపరీతమైన టెన్షన్ పడ్డవాళ్లు, తిండి మానేయడమో, విపరీతంగా తిని కక్కేయడమో అలవాటున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. వాళ్లకు ఈ లెక్క జబ్బును పెంచుతుంది.

పళ్లెం పద్ధతి

ఎవరైనా ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. 2011లో అమెరికా వ్యవసాయ శాఖ పాత పిరమిడ్ బొమ్మను పక్కన పెట్టి పళ్లెం బొమ్మ తెచ్చింది. అదే ఏడాది హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం వాళ్లు కూడా తమ పళ్లెం బొమ్మను విడుదల చేశారు. హార్వర్డ్ బొమ్మ ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలూ పళ్లూ, పావు భాగం పొట్టు తీయని ధాన్యం, మిగతా పావు పప్పులు, గింజలు, చేపలు, కోడిమాంసం వంటి ప్రోటీన్. బంగాళాదుంపను వాళ్లు కూరగాయల్లో కలపలేదు, రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుందని. పక్కన మంచినీళ్లు.

దీనికి తూకం అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఎవరింట్లోనైనా, ఎవరి పెళ్లి విందులోనైనా పళ్లెం ఉంటుంది, దానికి సగం అంటే ఎంతో కంటికి తెలుస్తుంది. ఇక్కడ ఒక చిన్న మార్పు పెద్ద తేడా తెస్తుంది: వడ్డించుకునే వరస. మామూలుగా మనం ముందు అన్నమో రొట్టో పెట్టుకుని, మిగిలిన చోటులో కూర వేసుకుంటాం. కూరకు దక్కేది పళ్లెం అంచు. దాన్ని తిరగేయండి. ముందు కూరగాయలతో సగం నింపండి, తర్వాత ప్రోటీన్ పెట్టుకోండి, ధాన్యం చివర. ఏ వస్తువూ మానలేదు, ఎవరినీ వేరుగా వండమనలేదు, కానీ పాళ్లు మారిపోయాయి. తినేటప్పుడు కూడా అదే వరసలో, కూరగాయలూ ప్రోటీనూ ముందు, పిండిపదార్థం చివర తింటే షుగర్ ఉన్నవాళ్లకు తిన్న తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరిగిందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది.

లోపాలు లేవని కాదు. పళ్లెం ఎంత పెద్దదో ఈ పద్ధతి చెప్పదు. కూరలో ఎంత నూనె, ఎంత ఉప్పు పడిందో చెప్పదు. భోజనాల మధ్య తినేదాని గురించి అసలే మాట్లాడదు. అందరూ ఒకే గిన్నెలో కలిపి వండుకునే తిండికి ఇది నేరుగా కుదరదు. అలాంటప్పుడు పాళ్లను వండేముందే చూసుకోవాలి, కోసిపెట్టిన కూరగాయల కుప్ప ధాన్యం కుప్పకంటే పెద్దదిగా ఉండాలి.

రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలూ పళ్లూ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కపూట సగం పళ్లెంతో అది పూర్తికాదు, రెండుపూటలా పాటిస్తే దగ్గరికి వస్తుంది.

తినే వేళలు కుదించడం

రోజులో ఎనిమిది గంటల్లోనే తినడం, మిగతా పదహారు గంటలు మంచినీళ్లతో సరిపెట్టడం. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌లో ఎక్కువమంది చేసేది ఇదే. నియమం ఒక్కటే కావడం దీని అందం. వేళ దాటాక వంటగది మూసినట్టే. రాత్రి తిండితో ఇబ్బంది పడేవాళ్లకు ఇలాంటి గట్టి గీత నిజంగా ఉపయోగపడుతుంది.

అయితే ఇందులో మహిమ ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి. 2020లో 116 మందితో పన్నెండు వారాలు చేసిన పరీక్షలో, మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా మాత్రమే తిన్నవాళ్లకూ, మామూలుగా మూడుపూటలా తిన్నవాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో చైనాలో 139 మందితో ఏడాదిపాటు చేసిన పరీక్షలో కేలరీలు తగ్గించినవాళ్లూ, కేలరీలతోపాటు వేళలు కూడా కుదించినవాళ్లూ దాదాపు సమానంగానే తగ్గారు. తక్కువ వేళల్లో తక్కువ తింటే పనిచేస్తుంది, అంతే. ఎనిమిది గంటల్లో పన్నెండు గంటల తిండి తింటే పనిచేయదు. మధ్యాహ్నం మొదటి ముద్ద తినేసరికి కళ్లు తిరిగేంత ఆకలితో ఉండి, కనిపించినదల్లా తినేవాళ్లకు ఇది సరిపడే దారి కాదు. అలాంటివాళ్లు పదహారు గంటల మాట వదిలేసి, రాత్రి భోజనం తర్వాత ఇంకేమీ తినకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే చాలు.

పిండిపదార్థాలు తగ్గించడం, కొవ్వు తగ్గించడం

వీటి మీద ఎక్కువ చెప్పను. బరువు విషయంలో రెండూ సమానమేనని పైన చూశాం. మైదా, చక్కెర తగ్గించి పప్పులూ గింజలూ పెంచితే మంచిదే, దానికి డైట్ పేరు అక్కర్లేదు. కీటో లాగా పిండిపదార్థాలను దాదాపు సున్నాకు తెచ్చే పద్ధతిలో మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు పోతాయి. అందులో ఎక్కువ భాగం నీరు. అది చూసి ఉత్సాహపడి మొదలుపెట్టినవాళ్లు, నీటి బరువు పోవడం ఆగాక నిరుత్సాహపడి వదిలేస్తారు. ఇంటిల్లిపాదీ ఒకటి తింటుంటే మీరొక్కరే వేరేది తినాల్సిన ఏ పద్ధతైనా నిలబడటం కష్టం.

బీపీ, గుండె కోసం: డాష్, మెడిటరేనియన్

బరువు పక్కన పెట్టి బీపీ తగ్గాలన్నా, గుండెను కాపాడుకోవాలన్నా గట్టి రుజువులున్నవి ఈ రెండే. డాష్ అంటే బీపీ తగ్గించడానికి రూపొందించిన తిండి పద్ధతి. దాని అధ్యయనం 1997లో వచ్చింది, 459 మందితో చేశారు. కూరగాయలు, పళ్లు, తక్కువ కొవ్వు పాల పదార్థాలు పెంచారు, మొత్తం కొవ్వూ, నెయ్యి, వెన్న లాంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వూ తగ్గించారు. ఉప్పును ఉన్నంతే ఉంచారు, బరువు తగ్గకుండా చూశారు. అయినా బీపీ ఉన్నవాళ్లలో పై అంకె మామూలు తిండి తిన్నవాళ్లకంటే సగటున 11 పాయింట్ల వరకూ ఎక్కువ తగ్గింది, అదీ రెండు వారాల్లోనే కనిపించింది. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా తగ్గుతుందని 2001లో తేలింది. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా తిండి మార్పు వృథా కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మధ్యధరా సముద్ర తీర దేశాల తిండి తీరైన మెడిటరేనియన్ పద్ధతిని స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న ఏడు వేలమందికి పైగా మీద పరీక్షించారు. ఆలివ్ నూనెతోనో గింజలతోనో ఆ తిండి తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువ. 2013లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మనుషులను జట్లుగా విడదీయడంలో లోపాలు బయటపడి వెనక్కి తీసుకున్నారు. సరిచేసిన లెక్కలతో 2018లో మళ్లీ ప్రచురించారు, ఫలితం దాదాపు అదే. ఇవి రెండూ కఠిన నియమాలు కావు. పప్పులు, గింజలు, కూరగాయలు, పొట్టు తీయని ధాన్యం, మంచి నూనె అనే చట్రంలో మీ వంటను మీరు అమర్చుకోవచ్చు.

ప్యాకెట్ తిండి తగ్గించడం

మీరు రాసుకున్న కాగితంలో భోజనాల కంటే మధ్య తిండి ఎక్కువ కనిపిస్తే, అన్నిటికంటే ముందు ఇదే చేయండి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఒకే చోట ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసిన ప్యాకెట్ తిండి లాంటిది), రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. రెండింటిలోనూ ముందు పెట్టిన చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానం. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి ఉన్న వారాల్లో జనం రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలో పెరిగారు. మామూలు తిండిలో అంతే తగ్గారు. ప్రాసెస్డ్ తిండిని వాళ్లు మరింత వేగంగా తిన్నారు కూడా. మెత్తగా, నమలనక్కర్లేకుండా ఉండేది కడుపు నిండినట్టు తెలిసేలోపే లోపలికి పోతుంది. బలహీనమైన మనసే కారణమని తమను తాము తిట్టుకునేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ప్యాకెట్ చూసేటప్పుడు ముందువైపు రాతలు వదిలేసి వెనక్కి తిప్పండి. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర ఉంటే అది మిఠాయే, పైన ఏ ధాన్యం బొమ్మ ఉన్నా. తర్వాత సర్వింగ్, అంటే ఒకసారికి తినాలని కంపెనీ లెక్కగట్టిన మోతాదు, చూడండి. సర్వింగ్‌కు 9 గ్రాముల చక్కెర అని రాసి, ప్యాకెట్‌లో మూడు సర్వింగ్‌లు ఉన్నాయనుకోండి. మీరు కూర్చున్నచోట ప్యాకెట్ ఖాళీ చేస్తే 27 గ్రాములు, అంటే ఏడు చెంచాలకు దగ్గర. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఇలా కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉప్పు బదులు సోడియం అని రాసి ఉంటే రెండున్నరతో హెచ్చించండి. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి పరిమితి 5 గ్రాముల లోపు, ఒక చిన్న చెంచాడు.

ఈ దారిలో వచ్చే చిక్కు సమయం. ప్యాకెట్ మానేస్తే ఆ చోట ఇంకేదో సిద్ధంగా ఉండాలి. ఇంట్లో పళ్లు లేకుండా బిస్కెట్లు మానేస్తానంటే సాయంత్రం ఐదున్నరకు ఆ మాట నిలబడదు. కొనేటప్పుడే మానేయడం తేలిక, అల్మారాలో పెట్టుకుని మానేయడం కష్టం. చక్కెర బదులు తీపి గోలీలు వేసుకుంటామనేవాళ్లకు ఒక మాట: బరువు అదుపు కోసం వాటిని వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదు.

ఒక్క అలవాటుతో మొదలుపెట్టడం

పైవేవీ కుదరని జీవితాలు ఉంటాయి. షిఫ్టు పనులు, చంటిపిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు. అలాంటి ఇళ్లలో డైట్ గురించి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు. వాళ్లకు ఒక్క మార్పు చాలు, దాన్ని రోజూ జరిగే పనికి ముడిపెట్టాలి. "ఎక్కువ పళ్లు తింటాను" అన్నది నిలవదు. "మధ్యాహ్నం భోజనం డబ్బా మూత పెట్టగానే పండు తింటాను" అన్నది నిలుస్తుంది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చూసినప్పుడు, ఇలాంటి అలవాటు దానంతటదే జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, ఇంకొందరి విషయంలో 254 దాకా పడుతుందని అంచనా. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందన్న ప్రచారానికి ఇది చాలా దూరం. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం జరగలేదని కూడా అదే అధ్యయనంలో కనిపించింది. ఒక రోజు తప్పిందని అంతా పాడైపోయిందనుకుని వదిలేసేవాళ్లకు ఈ చివరి మాటే అన్నిటికంటే అవసరం.

దీని లోపం నెమ్మది. మూడు నెలల్లో బీపీ తగ్గాలని డాక్టర్ చెప్పి ఉంటే ఒక్క పండుతో సరిపెట్టలేం.

ఇక ఎంపిక

భోజనం పరిమాణం ఎక్కువైతే రెండు మూడు వారాలు కేలరీలు లెక్కపెట్టి, ఆపైన పళ్లెం పద్ధతికి మారండి. కూరగాయలు లేకపోవడమే లోటైతే నేరుగా పళ్లెం. మధ్య తిండి, తాగే చక్కెర అయితే ప్యాకెట్లు తగ్గించండి. రాత్రి తిండి అయితే వేళ గీత గీసుకోండి, కానీ పగలు కడుపునిండా తింటున్నారో లేదో ముందు చూసుకోండి, ఎందుకంటే చాలాసార్లు రాత్రి తిండికి మూలం పగటి ఆకలే. బీపీ ఉంటే డాష్. ఊపిరి సలపని పనుల్లో ఉంటే ఒక్క అలవాటు. రెండు పద్ధతులు ఒకేసారి మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఇన్సులిన్ గానీ షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి మానేసినా, పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గించినా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, డాక్టర్‌తో మాట్లాడి మందు మోతాదు చూసుకున్నాకే మొదలుపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రోటీన్ పెంచేముందు, పొటాషియం ఉండే ఉప్పు ప్రత్యామ్నాయాలు వాడేముందు అడగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ అనే మందు వాడేవాళ్లు ఆకుకూరలను ఉన్నట్టుండి పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఉపవాస పద్ధతుల జోలికి పోవద్దు.

ఎంచుకున్నదానికి రెండు నెలలు ఇవ్వండి. రోజూ తూకం చూసి బెంబేలు పడకండి, ఒంట్లో నీటి వల్ల బరువు ఒకరోజుకూ మరోరోజుకూ కిలో దాకా అటూ ఇటూ అవుతుంది, వారం సగటు చూడండి. నడుము కొలత, బీపీ, రక్తపరీక్ష అంకెలు, మధ్యాహ్నం నిద్రమత్తు తగ్గిందా లేదా, ఇవి కూడా ఫలితాలే. రెండు నెలలకు ఏదీ కదలకపోతే, ముందు ఆ పద్ధతిని వారంలో ఎన్ని రోజులు పాటించారో లెక్కపెట్టండి. ఐదారు రోజులు పాటించినా ఫలితం లేకపోతే పద్ధతి మార్చండి, లేదా డైటీషియన్‌ను కలవండి. రెండు మూడు రోజులే పాటించగలిగి ఉంటే అంతకంటే తేలికైనది ఎంచుకోండి.